కూర్చుంటే మంట.. కోతకు ముందు తర్జనభర్జన
పుడెండల్ నరం ఒత్తిడికి శస్త్రచికిత్స: సర్జన్‌ను ఎంచుకునేదెలా?

ఛత్రినాక: లాల్‌దర్వాజ, గౌలిపుర, ఉప్పుగూడ, కందికల్ గేట్.. ఛత్రినాక చుట్టుపక్కల బస్తీల్లో చాలా కుటుంబాలకు కూర్చుని చేసే పనే జీవనాధారం. పొద్దస్తమానం ఆటో సీటుకు అతుక్కుపోయే డ్రైవర్లు, కుట్టుమిషను ముందు గంటల తరబడి వంగి ఉండే దర్జీలు, చెక్క చట్రం ముందు నేలపై కూర్చుని జర్దోజీ పని చేసే కార్మికులు, గల్లాపెట్టెల వద్ద ఉండే చిరు వ్యాపారులు పాతబస్తీలో గల్లీకొకరు కనిపిస్తారు. అలాంటివారికి కూర్చోవడమే శిక్షగా మారితే ఇల్లు గడవడం కష్టం. కూర్చోగానే మలద్వారానికి, జననాంగాలకు మధ్య నిప్పు పెట్టినట్లు మంట, లేచి నిలబడగానే కొంత ఉపశమనం.. ఈ బాధతో ఏళ్ల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగేవారిలో కొందరికి అసలు కారణం కటి భాగంలో ఓ నరం నొక్కుకుపోవడం. దానిపేరు పుడెండల్ నరం.

మందులు, వ్యాయామాలు, ఇంజెక్షన్లు ఫలించనప్పుడు చివరి మార్గంగా ఈ నరంపై ఒత్తిడిని తొలగించే శస్త్రచికిత్స ఉంది. అయితే దీన్ని చేసే సర్జన్లు ప్రపంచమంతటా తక్కువే. చేసేవారు కూడా అందరూ ఒకే విధంగా చేయరు. ఒకరు పిరుదు వైపు నుంచి కోస్తే, మరొకరు పొట్టకు రంధ్రాలు చేసి లాప్రోస్కోపీ ద్వారా వెళతారు. ఎవరి పద్ధతి వారికి మేలైనది. ఈ తేడాల మధ్య రోగి నలిగిపోతున్నాడు. గుండెకో, మోకాలికో ఆపరేషన్ అంటే ఇరుగుపొరుగును అడిగి తెలుసుకోవచ్చు. ఈ జబ్బు విషయంలో నోరు విప్పి అడగడానికే సిగ్గు అడ్డొస్తుంది. విచిత్రమేమంటే ఆ నరం పేరులోనే సిగ్గు ఉంది. లాటిన్ భాషలో ఆ మాటకు మూలార్థం ‘సిగ్గుపడదగినది’ అని.

ఎక్కడ నొక్కుకుంటుంది?

వెన్నెముక అడుగున ఉండే త్రికాస్థి నుంచి వెలువడే 2, 3, 4వ నరాల వేళ్లు కలిసి పుడెండల్ నరం ఏర్పడుతుంది. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి ఉంటాయి. మలద్వారం చుట్టూ, జననాంగాల చర్మంపై స్పర్శ తెలియజేసేది ఇదే. మల, మూత్రాలను ఆపుకొనే కండరాలకు ఆజ్ఞలు మోసేదీ ఇదే. కటి నుంచి బయటకొచ్చి, పిరుదు లోపల రెండు బలమైన స్నాయువుల నడుమ నుంచి దూరి, తిరిగి లోపలికి మళ్లి ఓ సన్నటి సొరంగం గుండా ముందుకు సాగుతుంది. ఐర్లాండుకు చెందిన శరీర నిర్మాణ శాస్త్రవేత్త బెంజమిన్ ఆల్కాక్ 1836లో ఈ సొరంగాన్ని వర్ణించడంతో దానికి ‘ఆల్కాక్ కాలువ’ అన్న పేరు స్థిరపడింది.

నరం నొక్కుకునే చోట్లు ప్రధానంగా రెండు. ఒకటి స్నాయువుల మధ్య ఇరుకు సందు. రెండోది ఆల్కాక్ కాలువ. కూర్చున్నప్పుడు ఈ భాగంపై ఒత్తిడి పెరుగుతుంది కనుకే నొప్పి తీవ్రమవుతుంది. కమోడ్‌పై కూర్చున్నప్పుడు మాత్రం చాలామందికి అంత బాధ ఉండదు. మధ్యలో ఖాళీ ఉండటంతో బరువంతా పక్కల ఎముకలపై పడి నరానికి ఊపిరి ఆడుతుంది. ఈ చిన్న వివరం వైద్యుడికి చెప్పడం ఎంతో ముఖ్యం. పరీక్షల కాగితాలు చెప్పలేనిది ఒక్కోసారి ఇదే చెబుతుంది.

ఫ్రాన్స్‌కు చెందిన వైద్యుడు జెరార్ అమరెన్కో 1987లో సైకిల్ తొక్కేవారిలో ఈ నరం దెబ్బతినడాన్ని వివరించారు. అదే దేశంలోని నాంత్ నగరంలో న్యూరోసర్జన్, శరీర నిర్మాణ శాస్త్రవేత్త అయిన రోజే రోబెర్, ఆయన సహచరుడు జాన్ జాక్ లబా తదితరులు నరం దారిని శోధించి, శస్త్రచికిత్సకు రూపమిచ్చారు. దేశదేశాల నుంచి రోగులు ఆ ఊరికి వెళ్లారు. నేటికీ ఈ జబ్బు గురించి ఎక్కడ చర్చ జరిగినా నాంత్ పేరు రాక తప్పదు.

మొలలని ఒకరు.. ప్రోస్టేట్ అని మరొకరు

సర్జన్ ఎంపిక కంటే ముందు తేలాల్సినది జబ్బు ఇదేనా, కాదా అన్నది. కింది భాగంలో నొప్పి అనగానే మొలలు, పగుళ్లు, భగందరం గుర్తుకొస్తాయి. పురుషులకు ప్రోస్టేట్ వాపు అని, స్త్రీలకు గర్భసంచి లేదా మూత్రాశయ ఇన్‌ఫెక్షన్ అని నెలల కొద్దీ యాంటీబయాటిక్స్ ఇవ్వడం కద్దు. ‘మొలలు, భగందరం నయం చేయబడును’ అన్న బోర్డులకు నగరంలో కొదవ లేదు. ఆ బోర్డుల వెనక డిగ్రీ ఏమిటో అడిగేవారే తక్కువ. లేని మొలలకు కోత పెట్టించుకుంటే నొప్పి అలాగే ఉండిపోవడమే కాక, ఆ ప్రాంతంలో మచ్చ కణజాలం ఏర్పడి తర్వాతి వైద్యానికి చిక్కులు తెస్తుంది.

ఈ గందరగోళాన్ని తొలగించేందుకే నాంత్ బృందం 2008లో అయిదు ప్రమాణాలు ప్రకటించింది. నొప్పి పుడెండల్ నరం విస్తరించిన ప్రాంతంలోనే ఉండాలి. కూర్చుంటే పెరగాలి. రాత్రి నిద్రలో నొప్పి రోగిని లేపకూడదు. వైద్యుడు పరీక్షించినపుడు చర్మంపై స్పర్శ పోయి ఉండకూడదు. నరం వద్ద మత్తు ఇంజెక్షన్ ఇస్తే నొప్పి తగ్గాలి. కేవలం తోక ఎముక వద్ద, కేవలం పిరుదులో లేదా పొత్తికడుపులో నొప్పి ఉంటే, దురద ప్రధానంగా ఉంటే, స్కానింగ్‌లో నొప్పికి కారణమయ్యే మరో జబ్బు కనిపిస్తే ఇది కాదని భావించాలని కూడా ఆ బృందం పేర్కొంది.

నాలుగో ప్రమాణం చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. నరం నొక్కుకుంటే స్పర్శ పోవాలి కదా అన్నది సామాన్యుడి తర్కం. నిజానికి ఆ భాగమంతా మొద్దుబారిపోయిందంటే సమస్య నరంలో కాక, ఇంకా పైన వెన్నులోని నరాల వేళ్ల వద్ద ఉందేమోనని అనుమానించాలి. మొద్దుబారడంతోపాటు మూత్రం ఆగిపోవడం, కాళ్లలో బలహీనత ఉంటే అది అత్యవసర పరిస్థితి. సర్జన్లను బేరీజు వేస్తూ కూర్చోకుండా అదేరోజు పెద్దాసుపత్రికి చేరాలి. వెన్ను, కటి భాగాలకు ఎం.ఆర్.ఐ. తీయించడం ఎందుకంటే నరం నొక్కుకుపోవడాన్ని చూపడానికి కాదు, కణితి వంటి ఇతర కారణాలు లేవని నిర్ధారించడానికే. మామూలు ఎం.ఆర్.ఐ.లో ఈ ఒత్తిడి సాధారణంగా కనిపించదు. రిపోర్టులో ‘అంతా సవ్యం’ అని వచ్చినంత మాత్రాన రోగి నటిస్తున్నట్లు కాదు.

సూది చెప్పే సాక్ష్యం

కోత వరకు వెళ్లాలా, వద్దా అన్నది చాలావరకు ఒక ఇంజెక్షన్‌పై ఆధారపడి ఉంటుంది. సి.టి. లేదా అల్ట్రాసౌండ్ సాయంతో నరం పక్కనే మత్తుమందు వేసే ఈ ప్రక్రియను ‘నెర్వ్ బ్లాక్’ అంటారు. నొప్పి చికిత్స నిపుణులు, రేడియాలజిస్టులు దీన్ని చేస్తారు. చేయడం ఒక ఎత్తు, ఫలితాన్ని సరిగ్గా చదవడం మరో ఎత్తు. శస్త్రచికిత్స విఫలమైన రోగుల కథ చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది.

ఇంజెక్షన్ తర్వాత ఆ వైపు చర్మం మొద్దుబారిందా అన్నది ముందుగా చూడాలి. మొద్దుబారకపోతే మందు నరాన్ని చేరనట్లే. అప్పుడు నొప్పి తగ్గినా, తగ్గకపోయినా ఆ పరీక్షకు విలువ లేదు. చర్మం మొద్దుబారి, కూర్చున్నా నొప్పి లేకపోతే పరీక్ష అనుకూలం. చర్మం మొద్దుబారినప్పటికీ నొప్పి యథాతథంగా ఉంటే కారణం వేరేచోట ఉన్నట్లు. ఈ మూడో సందర్భంలోనూ కోతకు సిద్ధపడే సర్జన్ ఎదురైతే మరొకరిని సంప్రదించడమే క్షేమం.

మత్తు ప్రభావం కొన్ని గంటలే ఉంటుంది. ఆ కొన్ని గంటలను రోగి మంచంపై పడుకొని గడిపితే పరీక్ష వృథా. ఏ సీటుపై కూర్చుంటే నొప్పి వస్తుందో అదే సీటుపై కూర్చోవాలి. డ్రైవరైతే ఆటోలో (తాను నడపకుండా), దర్జీ అయితే మిషను ముందు. ఇంజెక్షన్‌కు ముందు నొప్పి పదికి ఎంత, గంట తర్వాత ఎంత, రెండు గంటలకు, నాలుగు గంటలకు ఎంత అన్నది కాగితంపై రాసుకోవాలి. మర్నాడు, వారం తర్వాత కూడా రాయాలి. ఆ కాగితమే తర్వాత ఏ సర్జన్ ముందైనా రోగి తరఫు సాక్షి. ‘కొంచెం తగ్గినట్లుంది సార్’ అన్న మాటతో ఏ సర్జనూ సరైన నిర్ణయం తీసుకోలేడు.

అయితే అనుకూల ఫలితం వచ్చినంత మాత్రాన నరం నొక్కుకుందని రుజువైనట్లు కూడా కాదు. ఆ నరం స్పర్శనిచ్చే ప్రాంతంలో నొప్పి ఏ కారణంతో ఉన్నా, నరాన్ని మత్తులో ఉంచితే తగ్గుతుంది. అందుకే అయిదు ప్రమాణాలూ కలిపి చూడాలని చెప్పారు. మత్తుమందుకు స్టిరాయిడ్ కలిపితే ఎక్కువ కాలం ఉపశమనం ఉంటుందని చాలాకాలం నమ్మారు. 2017లో లబా బృందమే ప్రచురించిన అధ్యయనంలో స్టిరాయిడ్ కలిపినా మూడు నెలల నాటికి అదనపు ప్రయోజనం కనిపించలేదు. ‘ఇంకో నాలుగు ఇంజెక్షన్లు వేద్దాం’ అని ఎవరైనా అంటే, ఎందుకని అడిగే హక్కు రోగికి ఉంది.

ఇంజెక్షన్‌కు ముందే జరగాల్సినవి కొన్ని ఉన్నాయి. మధ్యలో ఖాళీ ఉన్న దిండుపై కూర్చోవడం, సైకిల్ మానేయడం, కటి కండరాలు బిగుసుకుపోయి ఉంటే వాటిని వదులుచేసే ఫిజియోథెరపీ, అమిట్రిప్టిలిన్, గబాపెంటిన్, ప్రిగాబాలిన్ వంటి నరాల నొప్పి మందులు. వీటితోనే కుదుటపడేవారూ ఉన్నారు. ఇవేవీ ప్రయత్నించకుండా తొలి సందర్శనలోనే ఆపరేషన్ తేదీ ఇచ్చే చోటు అనుమానాస్పదమే.

32 మందిపై పరీక్ష

ఈ శస్త్రచికిత్స నిజంగా పనిచేస్తుందా? ఇందుకు నాంత్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనమే నేటికీ ప్రధాన ఆధారం. వైద్యానికి లొంగని 32 మందిని లాటరీ పద్ధతిలో రెండు వర్గాలుగా చేశారు. 16 మందికి ఆపరేషన్, మిగిలిన 16 మందికి మందులు, ఇంజెక్షన్లు. మూడు నెలల నాటికి ఆపరేషన్ వర్గంలో 50 శాతం మందికి నొప్పి తగ్గింది. రెండో వర్గంలో 6.2 శాతం మందికే తగ్గింది. నిర్ణయించిన చికిత్సను పూర్తిగా పొందినవారిని ఏడాది తర్వాత లెక్కిస్తే ఆపరేషన్ వర్గంలో 71.4 శాతం, రెండో వర్గంలో 13.3 శాతం మంది మెరుగయ్యారు.

అంకెలు ఆశాజనకమే. వాటిని చదవడంలోనే జాగ్రత్త కావాలి. అధ్యయనం చాలా చిన్నది. పద్ధతిని రూపొందించినవారే పరీక్షించారు. తనకు ఆపరేషన్ జరిగిందో లేదో రోగికి తెలుసు కనుక ఆశ ప్రభావం కొంత ఉండి తీరుతుంది. ‘మెరుగు’ అంటే పూర్తిగా నయం కావడం కాదు. పైగా ఎంతో అనుభవమున్న చేతుల్లో, జాగ్రత్తగా ఎంపిక చేసిన రోగుల్లో వచ్చిన ఫలితాలివి. అంతటి చేతుల్లోనే పది మందిలో ముగ్గురి వరకు మెరుగు కనిపించలేదు. ఏడాదికి ఒకటో రెండో చేసే సర్జన్ ఈ 71 శాతాన్ని తన ఖాతాలో వేసుకొని రోగికి చెబితే అది సరికాదు.

దారులు వేరు.. గమ్యం ఒక్కటే

నాంత్ పద్ధతిలో పిరుదుపై కోత పెట్టి, కండర పోగులను విడదీసి లోపలికి వెళతారు. పైనున్న స్నాయువును తెరిచి, లోపలి స్నాయువును కత్తిరించి, ఆల్కాక్ కాలువ పొరను విప్పి, నరాన్ని ఎముక మొనకు ముందువైపు జరుపుతారు. నరం నొక్కుకునే రెండు చోట్లూ కంటికి ఎదురుగా కనిపించడం ఇందులోని మేలు. 2005 అధ్యయనం ఈ పద్ధతిపైనే జరిగింది. స్నాయువులను కోయడం వల్ల నడుము, పిరుదు భాగంలో కొత్త నొప్పులు, కటి కీళ్ల నిలకడ తగ్గడం వంటివి వస్తాయా అన్న దానిపై సర్జన్లలోనే వాదోపవాదాలున్నాయి. అందుకే కొందరు పైస్నాయువును తిరిగి కుట్టేస్తారు.

లాప్రోస్కోపీలో పొట్టపై చిన్న రంధ్రాల ద్వారా కటి లోపలి నుంచి నరాన్ని చేరుకుంటారు. నరం మూలాలకు దగ్గరగా సమస్య ఉంటే, గర్భసంచి పొర బయట పెరిగే ఎండోమెట్రియాసిస్ వంటివి తోడైతే ఇది అనుకూలం. పైస్నాయువును తాకనవసరం లేదు. కాలువ చివరి భాగం వరకు చేరడం మాత్రం కష్టం. గాయం చిన్నది కాబట్టి ఆపరేషన్ చిన్నదని రోగులు పొరబడతారు. లోపల పని చేసేది పెద్ద రక్తనాళాల పక్కనే. మూడో దారి యోని లేదా మలద్వార సమీపం నుంచి వెళ్లేది. ఫ్రాన్స్‌కే చెందిన ఎరిక్ బోత్రాన్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. నొప్పి కేవలం జననాంగం ముందు భాగానికి పరిమితమైతే అక్కడి చిన్న శాఖను మాత్రమే విడిపించే పద్ధతీ ఉంది.

వీటిలో ఏది మిన్న? ఒక దారిని మరో దారితో లాటరీ పద్ధతిలో నేరుగా పోల్చి తేల్చిన పెద్ద అధ్యయనమేదీ దిక్సూచిగా లేదు. కాబట్టి ‘అన్నింటికంటే ఇదే ఆధునికం’ అన్న మాటకు లొంగనవసరం లేదు. రోగికి నరం ఎక్కడ నొక్కుకుందని సర్జన్ భావిస్తున్నారు, తాను ఎంచుకున్న దారి అక్కడి వరకు వెళుతుందా అన్నదే అసలు ప్రశ్న. తనకు తెలిసిన ఒక్క దారిలోకే ప్రతి రోగినీ మళ్లించే సర్జన్ కంటే, ‘మీ సమస్యకు నా పద్ధతి సరిపోదు, ఫలానా వారిని కలవండి’ అనేవారి మాటకు విలువ ఎక్కువ.

ఎవరి చేతిలో పెట్టాలి?

ఈ శస్త్రచికిత్సకు ప్రత్యేక శాఖ లేదు. న్యూరోసర్జన్లు, యూరాలజిస్టులు, లాప్రోస్కోపీలో ఆరితేరిన గైనకాలజిస్టులు, నరాల మరమ్మతు చేసే ప్లాస్టిక్ సర్జన్లు.. ఎవరైనా చేయవచ్చు. కనుక డిగ్రీ ఒక్కటే కొలమానం కాదు. మెదడు కణితులను అద్భుతంగా తొలగించే న్యూరోసర్జన్ జీవితంలో ఒక్కసారి కూడా ఆల్కాక్ కాలువను తెరిచి ఉండకపోవచ్చు. అందులో ఆయన తప్పేమీ లేదు.

అడగాల్సింది సూటిగా అడగాలి. ఈ ఆపరేషన్ ఇప్పటివరకు ఎన్ని చేశారు, గత ఏడాదిలో ఎన్ని? వారిలో ఎందరికి దాదాపు పూర్తిగా తగ్గింది, ఎందరికి సగం తగ్గింది, ఎందరికి తేడా లేదు, ఎందరికి పెరిగింది? ఈ నాలుగింటిలో చివరిదాని గురించి ఇబ్బంది పడకుండా జవాబిచ్చేవారే నమ్మదగినవారు. ఎవరికీ పెరగలేదంటే చేసినవి బహు తక్కువై ఉండాలి, లేదా తర్వాత రోగులను పట్టించుకొని ఉండకపోవాలి. రోగులను ఎంతకాలం గమనించారన్నదీ ముఖ్యమే. ఈ నరం కోలుకోవడానికి నెలలు పడుతుంది. కొందరికి ఏడాది దాటుతుంది. మూడు వారాలకు కుట్లు విప్పి పంపేసి ‘విజయవంతం’ అని రాసుకున్న లెక్కకు అర్థం లేదు.

ప్రమాదాల గురించి చెప్పించుకోవాలి. నరాన్ని ఆనుకొనే రక్తనాళాలు ఉంటాయి కనుక రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, నరానికి గాయం, మల మూత్రాల నియంత్రణలో తేడాలు, లైంగిక స్పర్శలో మార్పు, మచ్చ కణజాలం పెరిగి నరం మళ్లీ చిక్కుకోవడం. సిగ్గుతో రోగి అడగడు, మొహమాటంతో వైద్యుడు చెప్పడు. స్త్రీల విషయంలో మాట్లాడేది భర్తో, అన్నో అయినప్పుడు అసలు సంగతి మరుగున పడిపోతుంది. రోగి వైద్యుడితో కొంతసేపు ఏకాంతంగా మాట్లాడే వీలుండాలి.

‘నూటికి నూరు శాతం గ్యారంటీ’ అనే మాట వినిపిస్తే లేచి వచ్చేయవచ్చు. జబ్బు తీవ్రతను ఎక్కువ చేసి గానీ, తక్కువ చేసి గానీ చెప్పరాదని 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి వైద్యులను ఆదేశిస్తోంది. రోగులను ఆకర్షించే ప్రకటనలనూ అదే నియమావళి నిషేధించింది. ఆసుపత్రి గోడలపై తళుకులీనే బొమ్మలకు, సర్జన్ చేతి నేర్పుకు సంబంధం లేదు.

దగ్గరా.. దూరమా?

హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, గాంధీ వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో న్యూరోసర్జరీ, యూరాలజీ విభాగాలున్నాయి. జబ్బు నిర్ధారణకు, ఇతర కారణాలు లేవని తేల్చుకోవడానికి పాతబస్తీవాసి మొదట అక్కడికి వెళ్లడం ఖర్చు రీత్యా మంచిది. ఈ ప్రత్యేక ఆపరేషన్‌లో అనుభవం ఉన్నవారి కోసం నగరంలోని మరో ఆసుపత్రికో, మరో రాష్ట్రానికో వెళ్లాల్సి రావచ్చు. దేశంలో 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం వీడియో ద్వారా వైద్య సలహా పొందడం చట్టబద్ధమే. రైలు టిక్కెట్టు కొనేముందు రిపోర్టులు, నొప్పి లెక్కల కాగితం పంపి ఒక అభిప్రాయం తీసుకుంటే ప్రయాణం ఆదా కావచ్చు. చేతితో పరీక్షించి చూడనిదే తుది నిర్ణయం మాత్రం తగదు.

దూరపు సర్జన్‌ను ఎంచుకుంటే మరో చిక్కు. పదో రోజున కుట్టు దగ్గర చీము పడితే ఎవరు చూస్తారు? పైగా గంటల ప్రయాణమంతా కూర్చునే రావాలి. కూర్చోలేని రోగికి అది ఎంత బాధో వేరే చెప్పనవసరం లేదు. రైలులో పడుకొని వచ్చే ఏర్పాటు, ఇక్కడ తదుపరి సంరక్షణ చూసే వైద్యుడు.. ఈ రెండూ ఆపరేషన్‌కు ముందే కుదుర్చుకోవాలి.

ఖర్చు సంగతి లిఖితపూర్వకంగా తీసుకోవాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచింది. పరిమితి పెరిగినంత మాత్రాన ప్రతి ఆపరేషన్ అందులో ఉన్నట్లు కాదు. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర వద్ద, సర్జన్ రాసిన ఆపరేషన్ పేరు చూపి, జాబితాలో ఉందో లేదో చేరకముందే తెలుసుకోవాలి. బంగారం కుదువపెట్టాక తెలుసుకుంటే ప్రయోజనం లేదు. ప్రైవేటు బీమా ఉన్నవారు ముందస్తు అనుమతి తీసుకోవడం మేలు.

రెండో అభిప్రాయం నేరం కాదు

మరో వైద్యుడి దగ్గరకు వెళితే మొదటివారు నొచ్చుకుంటారన్న భయం మనవారిలో ఎక్కువ. రోగి లేదా అతని తరఫువారు కోరితే వైద్య రికార్డులను 72 గంటల్లోగా ఇవ్వాలని వైద్య మండలి నియమావళి స్పష్టం చేస్తోంది. స్కానింగ్ సీడీలు, ఇంజెక్షన్ ఇచ్చినప్పటి నోట్, గతంలో ఆపరేషన్ జరిగి ఉంటే దాని పూర్తి వివరణ అడిగి తీసుకోవాలి. డిశ్చార్జి కాగితం ఒక్కటే చాలదు.

సంతకం విషయంలో సుప్రీంకోర్టు 2008 జనవరిలో సమీరా కోహ్లి కేసులో ఇచ్చిన తీర్పు కీలకమైనది. చికిత్స స్వరూపం, ఉద్దేశం, లాభాలు, ముఖ్యమైన ప్రమాదాలు, ప్రత్యామ్నాయ మార్గాలు రోగికి తెలిపాకే పొందిన అంగీకారం చెల్లుతుందని, పరీక్ష కోసం ఇచ్చిన సమ్మతిని శస్త్రచికిత్సకు సమ్మతిగా భావించరాదని న్యాయస్థానం తేల్చిచెప్పింది. ఆపరేషన్ గది గుమ్మంలో, మత్తు ఇచ్చేముందు ఆంగ్ల పత్రంపై పెట్టించే హడావుడి సంతకం ఈ తీర్పు స్ఫూర్తికి విరుద్ధం. పత్రాన్ని ముందురోజే తీసుకొని, తెలిసిన భాషలో చదివించుకోవాలి. ఏ వైపు నరానికి ఆపరేషన్, ఏ దారిలో, ఏయే స్నాయువులు కోస్తారు అన్నవి అందులో ఉన్నాయో లేదో చూసుకోవాలి. సర్జన్ పేరు కూడా ఉండాలి. ఓపీలో చూసిన పెద్ద డాక్టరే కత్తి పడతారని ఎక్కడా రాసి ఉండదు. వైద్యుడి రిజిస్ట్రేషన్‌ను రాష్ట్ర వైద్య మండలి ద్వారా సరిచూసుకోవచ్చు.

ఆపరేషన్ తర్వాత

కోలుకునే క్రమాన్ని ముందే తెలుసుకోకపోతే ఫలితాన్ని తప్పుగా అంచనా వేసే ప్రమాదముంది. తొలి వారాల్లో నొప్పి ముందుకంటే పెరగడం అరుదేమీ కాదు. అంతమాత్రాన ఆపరేషన్ చెడిందని కాదు. దెబ్బతిన్న నరపు పోగు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పునే పెరుగుతుంది. ఏళ్ల తరబడి నొప్పి సందేశాలకు అలవాటుపడిన వెన్ను, మెదడు కూడా శాంతించాలి. అందుకే మందులు ఒక్కసారిగా ఆపరు. కటి కండరాల ఫిజియోథెరపీ కొనసాగుతుంది. కూర్చునే వ్యవధిని నిమిషాల లెక్కన పెంచుకుంటూ పోవాలి.

ఆటో డ్రైవరుకు దీనర్థం నెలల తరబడి స్టీరింగ్‌కు దూరంగా ఉండటం. బండి ఫైనాన్స్ కిస్తీలు ఆగవు. మళ్లీ ఎప్పుడు నడపగలనన్న ప్రశ్నను సర్జన్‌ను అడిగి, ఆ వ్యవధికి మరికొంత కలుపుకొని ఇంటి ఖర్చు లెక్క వేసుకోవాలి. నిలబడి చేసే పనికి తాత్కాలికంగా మారగలిగితే కొంత వెసులుబాటు. దర్జీలైతే కత్తిరింపు బల్ల వద్ద నిలబడి చేసే పని ఎంచుకోవచ్చు.

ఏడాది గడిచినా మార్పు లేకపోతే అదే సర్జన్ మళ్లీ కోత అనవచ్చు. రెండోసారి మచ్చ కణజాలం మధ్య నరాన్ని వెతకడం మొదటిదానికంటే కష్టం. అప్పుడు చేయాల్సిన మొదటి పని ఇంజెక్షన్ పరీక్షను తిరిగి చేయించి, కొత్త కాగితంపై గంటగంటకూ నొప్పి లెక్క రాసుకొని, ఆ ఆపరేషన్‌తో సంబంధం లేని మరో వైద్యుడికి చూపడం.